తూర్పు కిటికీ కబ్జా కేసు

మా ఇంట్లో భూ ఆక్రమణ జరిగింది. పట్టపగలు, కుటుంబ సభ్యులందరి సమక్షంలో, నా కళ్ళెదుటే జరిగింది. ఆక్రమణదారు వయసు నాలుగేళ్ళు, వరసకు మనవరాలు. పురికొల్పింది మా కోడలు. సహకరించింది మా ఆవిడ. మా అబ్బాయి నిచ్చెన పట్టుకున్నాడు.

జీవితమంతా సబ్ రిజిస్ట్రారు ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని ఊళ్ళోవాళ్ళ ఆస్తులకు హద్దులు రాసినవాణ్ణి నేను. జానెడు గోడ కోసం తలలు పగలగొట్టుకున్న అన్నదమ్ములకు పంపకాల కాగితాలు రాసి, ఇద్దరి చేతా ఒకే కలంతో సంతకాలు పెట్టించినవాణ్ణి. అలాంటివాడి ఇంట్లో, ఒక్క స్టాంపు కాగితమైనా ఖర్చు కాకుండా స్థలం చేతులు మారిపోయింది. కనుక వివరాలు పద్ధతి ప్రకారం మనవి చేసుకుంటున్నాను.

షెడ్యూలు: విజయవాడలో, రెండో అంతస్తులో ఉన్న మా ఫ్లాటు హాలులో, సుమారు నాలుగడుగుల పొడవు, మూడున్నర అడుగుల వెడల్పు గల చోటు. చతుస్సీమలు. తూర్పు: కిటికీ, దాని అవతల పక్కింటివారి మునగ కొమ్మ. దక్షిణం: గోడ. పడమర: మా ఆవిడ కుట్టుమిషను. ఉత్తరం: వంటింట్లోకి పోయే దోవ. ఈ నాలుగు హద్దుల నడుమ నేనూ, నా పడక కుర్చీ, నా పేపరూ, నా కాఫీ గ్లాసూ ఎవరి ఆటంకమూ లేకుండా హక్కుభుక్తాలు అనుభవిస్తూ వచ్చాం. పొద్దున పూట లైటు వెయ్యకుండా పేపర్లో చిన్న అక్షరాలు కనపడే చోటు మా ఇల్లంతటికీ అదొక్కటే.

"పాపకి పుస్తకాల మూల ఒకటి కావాలి మావయ్యగారూ" అంది మా కోడలు ఒకనాడు, ఉప్మాలో జీడిపప్పు ఎక్కువ వేసి పెట్టి. ఆ జీడిపప్పు చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. నాలుగేళ్ళ పిల్లకి పుస్తకాల మూలేమిటి? మా రోజుల్లో బళ్ళో మూల అంటే గోడకుర్చీ వేయించే చోటు. అయినా పెద్దమనిషిని కనుక ప్రత్యామ్నాయ స్థలాలు చూపించాను. బీరువాకీ గోడకీ మధ్య సందు ఉంది. బాల్కనీలో వాషింగ్ మిషను వెనక ఖాళీ ఉంది. అటక కింద సూట్‌కేసులు నాలుగు జరిపితే ఒక పిల్ల దర్జాగా పడుతుంది.

అవేవీ పనికిరావట. చీకటి చోట్లో, ఒంటరిగా, ఏ పిల్లా పుస్తకం పట్టుకుని కూర్చోదట. మనుషులు మసిలే చోటుకి దగ్గరగా ఉండాలి, టీవీకి మాత్రం ఎడంగా ఉండాలి. వెలుతురు పక్కనుంచి పడాలి. కరెంటు ప్లగ్గు చేతికి అందకూడదు. వేడి పాలూ పులుసూ పట్టుకుని నడిచే దోవలో ఉండకూడదు. మా కోడలు ఈ షరతులన్నీ ఒక్కొక్కటే చెప్పుకొస్తూ, ఒక్కొక్క షరతుకీ ఒక్కో గది కొట్టేసుకుంటూ వచ్చింది. చివరికి మిగిలిన స్థలం ఎవరిదో పైన షెడ్యూలులో రాశాను.

అప్పుడు నేను చట్టం తీశాను. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద, ఇప్పుడు ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు వసూలు చేస్తున్నారు. నేను ఏ ఏడూ బాకీ పెట్టలేదు. ఊళ్ళో పిల్లలందరి పుస్తకాలకూ డబ్బు కట్టిన మనిషి, మళ్ళీ సొంత హాల్లో కిటికీ కూడా రాసివ్వాలా? ఒకే మనిషి మీద ఒకే పన్ను రెండుసార్లు వెయ్యడం కాదా ఇది?

వాదన బాగానే ఉంది. చిక్కేమిటంటే మా ఆవిడ పుట్టిల్లు పెదవడ్లపూడి పక్కన. 1935లో పాతూరి నాగభూషణం గారు అక్కడి కాలువ మీద పడవలో పుస్తకాలు పెట్టి ఊళ్ళకు పంపారు. ఆ సంగతి మా అత్తవారి వైపు వాళ్ళు పెళ్ళిచూపుల్లోనే చెప్పారు నాకు, పొలం సంగతి కంటే ముందు. "కాలువలో పోయే పడవకే పుస్తకాలు పెట్టుకునే చోటు దొరికింది. మూడు గదుల ఫ్లాటులో దొరకదా?" అంది మా ఆవిడ, కుట్టుమిషను మీంచి తలెత్తకుండానే. అప్పీలుకు అవకాశం లేని తీర్పు అది. నా పడక కుర్చీ ఆ సాయంత్రమే ఉత్తరపు హద్దులోకి, అంటే దోవలోకి జరిగింది. అప్పట్నుంచీ వంటింట్లోకి వెళ్ళేవాళ్ళందరూ నా కాళ్ళకు ప్రదక్షిణ చేసి వెళుతున్నారు.

స్థలం పోతే పోయింది, ఖర్చు మీదైనా నోరు చేసుకోవచ్చని ఆశపడ్డాను. మా అబ్బాయి ఫోనులో చూపించాడు. గుడారంలాంటి గుడ్డ ఇల్లట, ఏనుగు మొహంతో అలమరట, గోడకు వేలాడే మేఘాలట, చుక్కల దీపాలట. మొత్తం కూడితే మా పెళ్ళి ఖర్చు దాటింది. నేను గొంతు సవరించుకున్నాను. గృహస్థు అన్నవాడికి ధర్మాగ్రహం ప్రదర్శించే సందర్భాలు ఈ కాలంలో ఎన్ని వస్తాయి? తీరా మా కోడలు ఆ ముచ్చటా తీరనివ్వలేదు. "ఇవేం వద్దు, ఇంట్లో ఉన్నవాటితో చేసేద్దాం" అంది.

ఇంట్లో ఉన్నవి అంటే ఎవరివనుకున్నారు?

డబ్బు పెట్టి కొన్నది తుంగ చాప ఒకటి, కర్టెన్ రాడ్లు, వాటిని మోసే బ్రాకెట్లు. మొత్తం కలిపి వెయ్యి రూపాయలు కూడా కాలేదు. ఆ వెయ్యి కూడా మా కోడలే పెట్టుకుంది, నన్ను అడగలేదు. అడిగితే కదా కాదనడానికి! చాప మీదికి మా ఆవిడ పాత మంగళగిరి చీరలు పొరలు పొరలుగా వేసి బొంత కుట్టింది. దిళ్ళలోకి బూరుగు దూది నా పాత పరుపులోంచి తీశారు. ఆ పరుపుకి నా నడుము ఒంపు తెలుసు. దాన్ని నాలుగు చిన్న దిళ్ళుగా చీల్చి, పిల్లులూ కుందేళ్ళూ ఉన్న గలీబులు తొడిగారు.

అంతకంటే ఘోరం నా పంచె సంగతి. జరీ అంచు పంచె, మా అబ్బాయి పెళ్ళిలో కట్టుకున్నది. ఏడాదికోసారి కూడా కట్టడం లేదు కదా అని మా ఆవిడ దాన్ని బీరువాలోంచి తీసింది. అడ్డంగా రెండు ముక్కలు చేసింది. ఒక్కో ముక్కకీ రెండు అంచులూ గొట్టంలా మడిచి కుట్టింది. గోడకి, రెండు వరసల కర్టెన్లు వేసే డబుల్ బ్రాకెట్లు బిగించారు. ఒక రాడ్డు గోడకు ఆనుకుని వెనక, ఇంకో రాడ్డు జానెడు ముందుకి. రెండు గొట్టాల్లోకీ రెండు రాడ్లూ దూర్చేసరికి నా పంచె మధ్యలో జోలెలా వేలాడింది. ఆ జోలెలో పుస్తకాలు అట్టలు ఇవతలికి కనపడేలా నిలబెట్టారు. జోలె బెత్తెడు కంటే లోతు ఉండకూడదట. ఉంటే పుస్తకం మునిగిపోతుంది, అట్ట మీది బొమ్మ కనపడదు. మొదటి కుట్టులో లోతెక్కువైందని మా ఆవిడ విప్పి మళ్ళీ కుట్టింది. నా చొక్కా గుండీ ఊడి నెలయింది, దాని ఊసు లేదు.

కింది జోలె నేలకు అడుగెత్తున, పైది రెండున్నర అడుగుల ఎత్తున. పిల్ల నిలబడితే పైదీ, కూర్చుంటే కిందిదీ ఎవరి సాయమూ లేకుండా అందాలి. మేకులు కొడితే చాలదన్నారు. పిల్ల పట్టుకుని వేలాడినా ఊడకూడదని, కొత్తగా రంగు వేయించిన గోడకి డ్రిల్లుతో చిల్లులు పొడిచి, ప్లాస్టిక్ గుల్లలు దిగ్గొట్టి, స్క్రూలు బిగించారు. నేను ఆ శబ్దానికి లోపలి గదిలోకి వెళ్ళి కూర్చున్నాను. డ్రిల్లు గోడకి పెట్టారో నాకు పెట్టారో చెప్పలేను.

ఇక్కడ నేనూ ఉదారంగా ఒక వస్తువు ఇవ్వబోయాను. మా నాన్నగారి నాటి చెక్క బల్ల, ఆకుపచ్చ రంగుది, అటక మీద ఉంది. మా కోడలు దాన్ని వేలితో కూడా ముట్టుకోలేదు. పాత రంగుల్లో సీసం ఉంటుందట, పిల్లలు గోకి నోట్లో పెట్టుకుంటారట. "ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 మించకూడదని 2016లో నిబంధనలొచ్చాయి మావయ్యగారూ, 2017 నవంబరు నుంచి అమలు. ఈ బల్ల ఎప్పటిది?" అంది. పోనీ ఉప్పుకాగితంతో గీకేద్దామంటే, ఆ పొడి ఇంకా ప్రమాదమంది. చట్టాలూ తేదీలూ చెప్పి ఎదుటివాళ్ళ నోరు మూయించడం ఇన్నాళ్ళూ ఈ ఇంట్లో నా వృత్తి.

పోనీ పుస్తకాలు సర్దే పనైనా నాకు వదిలారా? పుస్తకాలకు సైజుల వారీగా నంబర్లు వేసి, వీపులు ఇవతలికి పెట్టి, ఒక రిజిస్టరు తెరిచాను. మర్నాడు పొద్దున్నే మనవరాలు ఏనుగు పుస్తకం కోసం మొత్తం నేల మీద కుప్ప పోసింది. అక్షరాలు రాని పిల్లకి పుస్తకం వీపు మీద ఏముందో ఏం తెలుస్తుంది, దానికి తెలిసింది అట్ట మీది బొమ్మే కదా అని మా కోడలు వివరించింది. రిజిస్టరులో ఇప్పుడు పాల లెక్క రాస్తున్నారు.

పైగా ఉన్న పుస్తకాలన్నీ పెట్టరు. పది, పన్నెండు మాత్రం జోలెల్లో ఉంటాయి. మిగిలినవి అటక మీద, అట్టపెట్టెలో. రెండు మూడు వారాలకోసారి కొన్ని దించి కొన్ని ఎక్కిస్తారు. దించిన పాత పుస్తకాన్ని చూసి ఆ పిల్ల అమెరికా నుంచి మేనత్త వచ్చినంత సంబరం చేస్తుంది. నేను ఊరెళ్ళి వారానికి తిరిగొచ్చినా "తాతయ్యా, సంచిలో ఏముంది" అంటుంది తప్ప ఆ సంబరం లేదు. ఎక్కించే పనికి నిచ్చెన పట్టుకునేది మాత్రం నేనే.

పుస్తకాల ధర మీద పోట్లాడదామన్నా కుదరలేదు. నేషనల్ బుక్ ట్రస్టు వాళ్ళ నెహ్రూ బాల పుస్తకాలయం పుస్తకాలూ, సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్ళవీ, ప్రథమ్ బుక్స్ వాళ్ళవీ తెచ్చింది. చాలా వాటి వెల మా అబ్బాయి ఒక్కపూట తెప్పించుకునే పిజ్జా కంటే తక్కువ. లెనిన్ సెంటరులో పాత పుస్తకాల కొట్ల ముందు గొంతుక్కూర్చుని బేరమాడి ఇంకొన్ని తెచ్చింది. స్టోరీవీవర్ అని ఉందట, అందులో తెలుగు కథలు ఊరికే దించుకోవచ్చట. అవి అచ్చు తీసి దారంతో కుట్టింది. ఇవి చాలవన్నట్టు మా ఆవిడ అటక మీంచి మా అబ్బాయి చిన్ననాటి రష్యన్ పుస్తకాల కట్ట దించింది. ఆ రోజుల్లో మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర వాళ్ళ దుకాణానికి వచ్చేవి. 1991లో ఆ దేశమే విడిపోయింది గానీ మా ఇంట్లో ఆ పుస్తకాల కుట్టు ఇంకా ఊడలేదు.

ఊడినదల్లా నా చందమామల బైండు. 1947 జులైలో మొదలైన పత్రిక అది. నా దగ్గరున్నవి అంత పాతవి కాకపోయినా, నా సొంత డబ్బుతో బైండు చేయించినవి. పైజోలెలో ఒకటి పెట్టుకోనివ్వమని అడిగితే ఇచ్చాను. ఇప్పుడు శంకర్ గారు గీసిన బేతాళుడికి ఆకుపచ్చ క్రేయాన్ మీసం ఉంది. విక్రమార్కుడికి గడియారం ఉంది. చిరిగిన పేజీలు అతికించడానికి, బైండింగు వాళ్ళు చేసినట్టు మైదా ఉడికించి, పురుగు పట్టకుండా కాస్త మైలుతుత్తం కలపబోయాను. మా ఆవిడ గిన్నె లాక్కుంది. పిల్ల పేజీ నాకితే ఏం గతి అంది. వెనక కలరా ఉండలు వెయ్యనివ్వలేదు, అదీ విషమేనట. చివరికి ఉత్త మైదా జిగురూ, గుప్పెడు ఎండు వేపాకూ గతయ్యాయి. సెల్లోటేపు అంటించబోతే, అది నాలుగేళ్ళకు పసుపు తిరిగి కాగితాన్ని తినేస్తుందని నేను అడ్డుపడ్డాను. ఈ మొత్తం వ్యవహారంలో నా మాట నెగ్గింది ఆ ఒక్కచోటే. అందుకే ప్రత్యేకంగా రాస్తున్నాను.

ఇంతవరకూ చెప్పినవి ఆస్తి నష్టాలు. ఇక శరీర నష్టం.

పుస్తకాల మూల పెట్టేటప్పుడు నాకెవరూ చెప్పని సంగతి ఒకటుంది. ఆ పిల్లకి చదవడం రాదు. అంటే ఆ మూలకి చదివేవాడు ఒకడు కావాలి. మా అబ్బాయికి ఆఫీసు, మా కోడలికి ఆఫీసు, మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు. మోకాళ్ళు నాకూ ఉన్నాయి, కానీ వాటి వాంగ్మూలం ఎవరూ తీసుకోలేదు. చాప మీద కూర్చోవడం తేలికే. లేవాలంటే కిటికీ ఊచ ఒక చేత్తో, కుట్టుమిషను ఇంకో చేత్తో పట్టుకుని, ఇష్టదైవాన్ని తలుచుకోవాలి. ఫోను ఆ నాలుగు హద్దుల్లోకి తేకూడదని నిబంధన పెట్టారు. అది పెద్దలకీ వర్తిస్తుందని తర్వాత తెలిసింది.

చదివేది రోజుకో కథ అయితే బాగుండును. ఒకటే కథ. దాహం వేసిన కాకి, కుండలో నీళ్ళు, రాళ్ళు. అయిపోగానే "మళ్ళీ". గ్రంథాలయ శాస్త్రానికి రంగనాథన్ గారు 1931లో ఐదు సూత్రాలు ప్రకటించారు. పాఠకుడి సమయం ఆదా చెయ్యాలన్నది వాటిలో ఒకటి. తాత సమయం గురించి ఆ మహానుభావుడు కూడా ఏమీ చెప్పలేదు. ఒక పేజీ దాటవేద్దామంటే కుదరదు, బొమ్మ చూసి పట్టేస్తుంది. రాళ్ళు తక్కువ వేసినా పట్టేస్తుంది. విసుగెత్తి ఒకరోజు కథని నా భాషలో చదివాను: "సదరు కాకి, షెడ్యూలు కుండలోని నీటిని, ఎవరి ఆటంకమూ లేకుండా, సర్వహక్కులతో తాగి అనుభవించినది." పిల్ల పడీ పడీ నవ్వింది. అప్పట్నుంచీ వేరేలా చదివితే ఒప్పుకోదు.

మొన్న అది తన బొమ్మ కుందేలుని దిండుకి ఆనించి కూర్చోబెట్టి, పుస్తకం తలకిందులుగా పట్టుకుని చదువుతోంది. ముందు నాలాగా దగ్గింది. వేలు తడి చేసుకుని పేజీ తిప్పింది. "సదలు కాకి" అంది గంభీరంగా. లేని కళ్ళద్దాలు ముక్కు మీదికి తోసుకుని, కుందేలుని చూసి, "నీకు అర్థమయ్యిందా? సంతకం పెట్టు" అంది. బళ్ళో టీచరు మా కోడల్ని పిలిచి, మీ ఇంట్లో ఏదైనా కోర్టు వ్యవహారం నడుస్తోందా అని మెల్లగా అడిగారట.

ఆలోచించగా నాకు చట్టపరంగా ఇంకో భయం పట్టుకుంది. 1963 నాటి కాలపరిమితి చట్టం ప్రకారం, సొంతదారు పట్టించుకోకుండా పన్నెండేళ్ళు ఊరుకుంటే ప్రతికూల స్వాధీనం కింద స్థలం ఆక్రమించినవారిదే అవుతుంది. అయితే సొంతదారు అనుమతితో ఉన్నవారికి ఆ హక్కు రాదు. అందుకని రోజూ పొద్దున పేపరు రాగానే, సాక్షుల ఎదుట, "రా తల్లీ, వచ్చి కూర్చో" అని స్పష్టంగా, గట్టిగా పిలుస్తున్నాను. ఇంట్లోవాళ్ళు దాన్ని ముద్దు అనుకుంటున్నారు. అది హక్కుల పరిరక్షణ.

కానీ రోజూ పొద్దున్నే అనుమతులు ఇస్తూ కూర్చోవడం ఈ వయసులో కష్టం. పోయిన స్థలం ఎలాగూ తిరిగి రాదు, కనీసం నేనిచ్చినట్టు కాగితం మీదైనా ఉండాలని దాన దస్తావేజు ఒకటి రాశాను. గ్రహీత మైనరు కనుక తండ్రి స్వీకరిస్తాడు. ఉదయం ఆరు నుంచి ఏడు వరకూ కిటికీ వెలుతురులో పేపరు చదువుకునే హక్కు దాత తన జీవితకాలం నిలుపుకున్నాడు. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషనూ, కనీసం ఇద్దరు సాక్షులూ ఉండాలని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. మొదటి సాక్షిగా పై అంతస్తులో ఉండే రిటైర్డ్ తహసీల్దారు గారిని పిలిచాను. ఆయన నియమం గల మనిషి. స్థలం చూడకుండా సంతకం పెట్టనన్నారు.

చూశారు. హద్దులు సరిచూసుకున్నారు. నా పంచె జరీ అంచు పట్టి చూసి సానుభూతిగా తలూపారు. విస్తీర్ణం సరిగా అంచనా కట్టాలంటే కూర్చోవాలన్నారు. కూర్చున్నారు. మనవరాలు ఆయన ఒళ్ళో ఒక పుస్తకం పెట్టింది, నక్కది. తహసీల్దారు గారు జేబులోంచి కళ్ళజోడు తీశారు. నక్క గొంతు ఆయనకి అంత బాగా వస్తుందని ఈ అపార్ట్‌మెంటులో ఎవరికీ తెలియదు. మా అబ్బాయీ నేనూ చెరో రెక్కా పట్టి లేపాం. సంతకం అడిగితే, క్షేత్ర పరిశీలన ఇంకా పూర్తి కాలేదు, రేపు మళ్ళీ వస్తానన్నారు. వచ్చారు. ఆ మర్నాడూ వచ్చారు. పరిశీలన సాగుతోంది. ఆయన కాఫీ కూడా ఇప్పుడు మా ఇంట్లోనే.

చాప మీద ఇద్దరు పెద్దమనుషులూ ఒక మైనరూ ఇరుకైపోయారని మా కోడలు గమనించింది. నిన్న సాయంత్రం టేపు పట్టుకుని పడమటి హద్దు వైపు కొలతలు తీసుకుంటోంది. పడమటి హద్దు అంటే కుట్టుమిషను. మా ఆవిడ కుట్టడం ఆపి, కళ్ళజోడు మీంచి ఆ టేపు వంక చూస్తూ ఉండిపోయింది. ఫిర్యాదు రాయాలంటే తెల్ల కాగితాలు నా దగ్గర బోలెడున్నాయని, ఇంట్లోవాళ్ళ దగ్గర ఫీజు తీసుకోనని ఆవిడకి మర్యాదగా తెలియజేశాను.